మొగులు రంగు కాదు, అంచు చూడాలి: ఉత్తర తెలంగాణ ఆకాశంలో మబ్బులను గుర్తుపట్టే పద్ధతి

ఏప్రిల్ చివర్లో వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా వడ్లు కల్లాల్లోనో, కొనుగోలు కేంద్రం ముందో కుప్పలు పోసి ఉంటాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఓ పక్క మొగులు నల్లబడిందంటే అందరికీ టెన్షన్. పరదాలు కప్పాలా, ఇంకో గంట ఎండనివ్వాలా? ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతుకూ అదే గుబులు. పైకి చూసి ఏదో ఒకటి తేల్చుకోవాలి. అయితే మనలో ఎక్కువమంది రంగు చూసి తేల్చుకుంటాం. నల్లగా ఉంటే వాన వస్తుందని, తెల్లగా ఉంటే ఏమీ కాదని అనుకుంటాం. లెక్క తప్పేది అక్కడే.

మబ్బు నల్లగా కనపడటానికి అది మందంగా ఉండటం ఒక కారణం, సూర్యుడు దాని వెనక ఉండటం మరొకటి. సాయంత్రం సూర్యుడికి అడ్డం వచ్చిన చిన్న మబ్బు తునక కూడా నల్లగానే ఉంటుంది, దాంట్లో చుక్క వాన ఉండదు. అదే సమయంలో తూర్పున ఎండ పడి తెల్లగా మెరిసే మబ్బు 12 కిలోమీటర్ల ఎత్తు లేచిన పిడుగుల మబ్బు కావచ్చు. అందుకని రంగును పక్కన పెట్టండి. ముందు మబ్బు అంచు చూడండి, తర్వాత నేల మీద మీ నీడ చూడండి, తర్వాత చెయ్యి చాచి వేళ్లతో కొలవండి. పేరు ఆ తర్వాతే. ఈ వరుస అలవాటైతే ఫొటోలు బట్టీ పట్టే పని ఉండదు.

పేర్లు మొత్తం పది. లండన్‌లో మందుల తయారీ వృత్తిలో ఉన్న ల్యూక్ హోవర్డ్ 1802లో మబ్బులను వర్గాలుగా విడదీసి లాటిన్ పేర్లు పెట్టాడు. ఆ పద్ధతే పెరిగి ఇప్పుడు ప్రపంచ వాతావరణ సంస్థ మేఘాల అట్లాసుగా నిలబడింది. దాన్ని 2017లో కొత్తగా సవరించారు. పేర్లు మొదట నోరు తిరగవు గానీ నాలుగైదు ముక్కలు తెలిస్తే చాలు. సిర్రస్ అంటే బాగా పైన మంచు పలుకులతో ఏర్పడే పీచు మబ్బు. క్యుములస్ కుప్పగా పైకి పెరిగేది. స్ట్రాటస్ పొరగా పరుచుకునేది. నింబస్ వాన కురిసేది. ముందు ఆల్టో అని ఉంటే నడిమి ఎత్తులో ఉన్నట్టు. పది పేర్లూ ఈ ముక్కలను అటూ ఇటూ కలిపినవే.

ఎత్తుల విషయంలో ఒక జాగ్రత్త. పై మబ్బులు 5 నుంచి 13 కిలోమీటర్ల మధ్య ఉంటాయని చాలా చోట్ల రాసి ఉంటుంది. అది యూరప్ లాంటి సమశీతోష్ణ దేశాల లెక్క. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఉష్ణమండలంలో ఉంది. ఇక్కడ కింది మబ్బులు 2 కిలోమీటర్ల లోపు, నడిమివి 2 నుంచి 8 దాకా, పైవి 6 నుంచి 18 దాకా ఉంటాయని అట్లాసు చెబుతుంది. నడిమివి, పైవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి చూడండి. ఒక్క ఎత్తును పట్టుకుని పేరు చెప్పలేమనడానికి ఇదొక కారణం.

ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి

దిగంతం దాకా కనపడాలి, అదొక్కటే షరతు. హన్మకొండలో ఉన్నవాళ్లకు భద్రకాళి చెరువు కట్ట, పద్మాక్షి గుట్ట ఉన్నాయి. ఖిలా వరంగల్ మట్టికోట కట్ట మీది నుంచి కూడా నలుదిక్కులూ బాగా కనపడతాయి. ఊళ్లో అయితే చెరువు కట్టను మించిన చోటు లేదు. అదీ కుదరకపోతే ఇంటి స్లాబు మీదికి ఎక్కండి.

నేర్చుకోవడానికి నన్నడిగితే బతుకమ్మ, దసరా రోజులే మంచివి. వానలు గాలిలోని దుమ్మును కడిగేసి ఉంటాయి, నైరుతి రుతుపవనాలు వెళ్లిపోతుంటాయి, ఒకే రోజులో నాలుగైదు రకాల మబ్బులు కనపడతాయి. జూలైలో మొదలుపెడితే వారం రోజులు బూడిద రంగు పొర తప్ప ఏమీ కనపడక విసుగొస్తుంది. మే నెలలో దుమ్ము తెర వల్ల అంచులు సరిగ్గా తెలియవు.

సూర్యుడి వైపు చూసేటప్పుడు మాత్రం సూర్యుడిని ఏ గోడ మూలతోనో, కరెంటు స్తంభంతోనో పూర్తిగా కప్పేసి పక్కల చూడండి. పలుచటి మబ్బు వెనక ఉన్నా సూర్యుడిని నేరుగా చూడొద్దు, కళ్లు దెబ్బతింటాయి.

మొదటి అడుగు: అంచు

మబ్బు అంచు మూడు రకాలు. కత్తిరించినట్టు గట్టిగా ఉండేది ఒకటి, పీచుపీచుగా చెదిరిపోయేది ఒకటి, అసలు అంచే లేకుండా ఆకాశమంతా పరుచుకునేది ఒకటి.

గట్టి అంచు ఉంటే ఆ మబ్బు నీటి చుక్కలది. చుట్టూ ఉన్న పొడిగాలి తగలగానే ఆ చుక్కలు ఆవిరైపోతాయి. కాబట్టి మబ్బు ఎక్కడ అయిపోయిందో గీత గీసినట్టు తెలుస్తుంది. మంచు పలుకులు అంత త్వరగా ఆవిరి కావు. అవి గాలిలో జారుతూ, కొట్టుకుపోతూ చాలా దూరం పాకుతాయి, అందుకని అంచు నారలు తీసినట్టు ఉంటుంది. ఈ ఒక్క తేడాతోనే ఆ మబ్బు నీళ్లదా, మంచుదా అన్నది కింద నిలబడి చెప్పేయొచ్చు. పిడుగుల మబ్బును సమయానికి పసిగట్టడానికి కూడా ఇదే ఆధారం, దాని దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ చెబుతాను.

రెండో అడుగు: నీడ

అంచు లేని పొర మబ్బు పట్టినప్పుడు తల దించి నేల చూడండి. మీ నీడ పడుతోందా? పొర ఉన్నా నీడ స్పష్టంగా పడుతుంటే అది సిర్రోస్ట్రాటస్. నీడ లేదు, కానీ సూర్యుడు ఎక్కడున్నాడో వెలుగు మచ్చలా తెలుస్తోంది అంటే చాలావరకు ఆల్టోస్ట్రాటస్. సూర్యుడు ఏ మూలన ఉన్నాడో కూడా తెలియకపోతే, సన్నగా వాన పడుతూనే ఉంటే నింబోస్ట్రాటస్. పొర మబ్బుల్లో సగం గందరగోళం ఈ పరీక్షతోనే తీరిపోతుంది.

మూడో అడుగు: వేళ్లు

చెయ్యి పూర్తిగా ముందుకు చాచి ఒక కన్ను మూయండి. చిటికెన వేలి వెడల్పు సుమారు 1 డిగ్రీ. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మూడూ కలిపి పెడితే సుమారు 5 డిగ్రీలు. పిడికిలి 10 డిగ్రీలు. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా చాచిన జాన 20 డిగ్రీల పైచిలుకు.

ముద్దలు ముద్దలుగా ఉన్న మబ్బులకు ఈ కొలత. ఒక్కో ముద్ద చిటికెన వేలి వెనక పూర్తిగా దాక్కుంటే సిర్రోక్యుములస్. చిటికెన వేలి కంటే పెద్దది, మూడు వేళ్ల లోపు అయితే ఆల్టోక్యుములస్. మూడు వేళ్లను దాటిపోతే స్ట్రాటోక్యుములస్. కొలిచే ముద్ద దిగంతం నుంచి కనీసం మూడు పిడికిళ్ల ఎత్తున ఉండాలి. అంతకంటే కిందున్నవి దూరం వల్ల చిన్నగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనపడి మోసం చేస్తాయి.

నాలుగో అడుగు: అడుగుభాగం ఎంత ఎత్తున ఉంది

ఎండకు నేల వేడెక్కి లేచే క్యుములస్ మబ్బులకు ఒక సులువైన లెక్క ఉంది. ఫోన్‌లో వాతావరణం చూస్తే ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ అని ఉంటుంది, అంటే గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, వచ్చిన అంకెను 125తో గుణించండి. మబ్బు అడుగు నేల నుంచి సుమారు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో వస్తుంది.

జూలైలో ఒక మధ్యాహ్నం 31 డిగ్రీలు, డ్యూ పాయింట్ 25 అనుకుందాం. తేడా 6. అడుగు 750 మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే మబ్బు నెత్తిమీదే వేలాడుతున్నట్టు కనపడుతుంది. అదే ఏప్రిల్ చివర్లో 41 డిగ్రీలు, డ్యూ పాయింట్ 17 అయితే తేడా 24. అడుగు 3000 మీటర్లకు పోతుంది.

ఎండాకాలం గాలివానకు అంత ఊపు ఎక్కడిదో ఈ అంకెలే చెబుతాయి. మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి పడే చినుకులు పొడిగాలిలో దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడి బరువెక్కిన ఆ గాలి ఒక్కసారిగా కిందికి దూకి నలువైపులా పరుచుకుంటుంది. అందుకే మన దగ్గర ముందు దుమారం లేస్తుంది, మామిడికాయలు రాలుతాయి, రేకులు ఎగురుతాయి, చినుకులు ఆ తర్వాత వస్తాయి. ఒక్కోసారి అసలు రావు. మబ్బు కింద బూడిద రంగు జాలరులు వేలాడుతూ నేలను తాకకుండానే మాయమవుతుంటే, అది దారిలో ఆవిరవుతున్న వాన. దాన్ని చూసి వాన మనదాకా రాదులే అనుకోవద్దు. ఆ జాలరుల కిందే గాలి గట్టిగా ఉంటుంది.

ఐదో అడుగు: ఎటు పోతోంది

కదలకుండా నిలబడి మబ్బు అంచును ఒక స్తంభం కొసకో, గుడి శిఖరానికో సరిపెట్టి ఒకటి రెండు నిమిషాలు చూడండి. వానకాలంలో మొగులు కాస్త విరిసినప్పుడు ఇక్కడ చూడదగ్గ విషయం ఒకటుంది. కింది మబ్బులు పడమటి నుంచి తూర్పుకు పరుగెత్తుతుంటాయి. వాటి సందుల్లోంచి కనపడే సిర్రస్ నారలు మాత్రం తూర్పు నుంచి పడమరకు పోతుంటాయి. కింద నైరుతి గాలి, పైన 14, 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి వీచే బలమైన గాలి, రెండూ ఎదురెదురు. రుతుపవన వ్యవస్థ రెండు అంతస్తులూ ఒక్క చూపులో దొరుకుతాయి. ఎదురెదురుగా పోతున్న రెండు మబ్బులు ఒకే పొరవి కావని కూడా దీంతో తేలిపోతుంది.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ముందు క్యుములస్ నుంచి పిడుగుల మబ్బు దాకా సాగే వరుస. ఎందుకంటే పంటకూ ప్రాణానికీ ముప్పు దాంతోనే.

క్యుములస్, అది పెరిగే తీరు

దసరా తర్వాత ఎండ కాసే రోజున పొద్దున ఎనిమిదింటికి ఆకాశం ఖాళీగా ఉంటుంది. పది, పదకొండు మధ్య తెల్లటి తునకలు మొదలవుతాయి. అరగంట తర్వాత చూస్తే అన్నిటి అడుగులూ బల్లపరుపుగా, ఒకే ఎత్తులో ఉంటాయి. ఇందాకటి లెక్క చెప్పిన ఎత్తు అదే. పైకి లేచిన గాలి సరిగ్గా అక్కడికి చేరగానే అందులోని ఆవిరి చుక్కలవుతుంది కాబట్టి అడుగులన్నీ ఒక వరసలో ఉంటాయి. చూడటానికి తేలిగ్గా ఉంటాయి గానీ, కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మామూలు క్యుములస్‌లో ఘనమీటరుకు అర గ్రాము నీరు అనుకున్నా మొత్తం 500 టన్నుల నీరు ఉన్నట్టు. చుక్కలు మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటాయి. అంత చిన్నవి కాబట్టే కింది నుంచి లేచివచ్చే గాలి వాటిని మోయగలుగుతుంది.

ఇక్కడ చూడాల్సింది ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న పొత్తు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ అయితే అది ఎండ రోజు క్యుములస్, సాయంత్రానికి కరిగిపోతుంది. రెండూ సమానమైతే గమనిస్తూ ఉండండి. వెడల్పు కంటే ఎత్తు బాగా పెరిగి, తల గోబీ పువ్వులా గుబురుగా, గట్టి అంచులతో పైపైకి పొంగుతుంటే దాన్ని వదలొద్దు. దీన్ని క్యుములస్ కంజెస్టస్ అంటారు. దీంతో కూడా ఓ జల్లు పడొచ్చు.

పొద్దున్నే ఇంకో గుర్తు దొరుకుతుంది. సూర్యోదయం వేళ నడిమి ఎత్తులో, ఒకే అడుగు గీత మీద చిన్న చిన్న బురుజులు లేచినట్టు ఆల్టోక్యుములస్ కనపడితే పైన గాలి నిలకడగా లేదని అర్థం. ఎండాకాలం అలాంటి పొద్దు తర్వాత మధ్యాహ్నం ఉరుములకు సిద్ధంగా ఉండటం మంచిది.

క్యుములోనింబస్

కంజెస్టస్ క్యుములోనింబస్‌గా మారే ఘడియ తలలోనే తెలుస్తుంది. అప్పటిదాకా గట్టిగా ఉన్న గుబురు అంచు ఒక చోట మెత్తబడుతుంది, మసకబారుతుంది, తర్వాత పీచు తీసినట్టు అవుతుంది. అంటే తలలోని నీళ్లు గడ్డకట్టి మంచు పలుకులు అవుతున్నాయన్నమాట. మొదటి అడుగులో చెప్పిన తేడా ఇదే. అక్కడి నుంచి మొదటి ఉరుముకు ఎక్కువ సేపు పట్టదు. పరదాలు కప్పే నిర్ణయం నల్లదనం చూసి కాదు, ఈ మెత్తబడిన అంచు చూసి తీసుకోండి. మబ్బు నెత్తిమీదికి వచ్చి నల్లగా కనపడే సరికి ఆలస్యమైపోతుంది.

ఇంకా పెరిగితే తల ఇక పైకి పోలేక చదునుగా పక్కలకు పరుచుకుంటుంది. కమ్మరి దాగలి ఆకారం అంటారు దీన్ని. మన అక్షాంశాల్లో ఆ పైకప్పు 16, 17 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. దాగలి ముక్కు ఎటు సాగిందో చూస్తే పైగాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. మబ్బు నడక మాత్రం దాన్నిబట్టే ఉండదు, దాన్ని స్తంభంతో సరిచూసుకోవాలి.

కింద ముందువైపున నల్లటి అరలా బారుగా సాగిన మబ్బు మీ వైపు వస్తుంటే, దుమారం నిమిషాల దూరంలో ఉన్నట్టు. వానకు దూరంగా ఉన్నా చల్లగాలి ఒక్కసారి ముఖానికి తగిలిందంటే అర్థం అదే. వడగండ్లు కూడా ఈ ఒక్క మబ్బులోంచే పడతాయి. నియమం ప్రకారం ఉరుము వినపడినా, మెరుపు కనపడినా, వడగండ్లు పడినా ఆ మబ్బు పేరు క్యుములోనింబస్, ఆకారం కనపడకపోయినా సరే.

మెరుపు చూసిన క్షణం నుంచి ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 సెకన్లలోపు వినపడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపు ఉంది. వెంటనే పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. పత్తి చేనులోనో, వరి మడిలోనో పని చేసేవాళ్లు చెట్టు కిందికి పోవడమే ప్రాణాల మీదికి తెస్తోంది. చెట్టు కింద, మంచె మీద, బోరు మోటారు దగ్గర నిలబడొద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ల దామిని యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను చూపిస్తుంది. ఊళ్లో ఒక్కరి ఫోన్‌లో ఉన్నా పదిమందికి పనికొస్తుంది.

రాత్రి పూట హన్మకొండ నుంచి ఈశాన్యంగా మెరుపులు కనపడుతూ చప్పుడు లేకపోతే, ఆ మబ్బు ములుగు, ఏటూరునాగారం అడవుల మీద ఉండొచ్చు. ఉరుము సాధారణంగా 15, 20 కిలోమీటర్లు దాటి వినపడదు. మెరుపు వెలుగు మాత్రం 100 కిలోమీటర్ల అవతలి నుంచి కూడా తెలుస్తుంది.

ముసురు మబ్బు: నింబోస్ట్రాటస్

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా కదిలినప్పుడు ఉత్తర తెలంగాణలో రోజుల తరబడి పట్టే ముసురు దీనిదే. అడుగు ఎక్కడుందో తెలియదు, సూర్యుడి జాడ ఉండదు, వాన ఒకే తీరున పడుతుంది. దాని కింద చిరిగిన పాతల్లాంటి తునకలు వేగంగా పోతుంటాయి. అవి వేరే రకం కాదు, వానకు తడిసిన గాలిలో పుట్టే తోడు మబ్బులు.

ముసురే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్కోసారి ఈ పొర లోపల క్యుములోనింబస్‌లు దాగి ఉంటాయి, కింది నుంచి ఆకారం తెలియదు. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 2023 జూలై 27 ఉదయానికి 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక రోజులో నమోదైన అత్యధిక వర్షం అది. అంతకుముందు రికార్డు కూడా ఆ వైపుదే, 2013 జూలైలో వాజేడులో 517.5 మిల్లీమీటర్లు. ఆ 2023 వానకే మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. ముసురు నడుమ వాన ఒక్కసారి కుండపోతగా మారినా, ఉరుము వినపడినా లోపల క్యుములోనింబస్ ఉందని రాసుకోండి. వాగు పక్కన ఉన్నవాళ్లు రాసుకోవడం మాని ఎత్తయిన చోటికి వెళ్లాలి.

ఆల్టోస్ట్రాటస్, సిర్రోస్ట్రాటస్, గుడి కట్టడం

ముసురుకు ముందు చాలాసార్లు పైనుంచి కిందికి పొరలు దిగుతాయి. మొదట సిర్రస్, తర్వాత సిర్రోస్ట్రాటస్ పలుచటి తెర, తర్వాత ఆల్టోస్ట్రాటస్. నీడ పరీక్షతో ఈ చివరి రెండింటినీ విడదీయొచ్చని చెప్పాను. ఇంకో గట్టి గుర్తు గుడి కట్టడం. సూర్యుడి చుట్టూ, చంద్రుడి చుట్టూ పెద్ద వలయం సిర్రోస్ట్రాటస్‌లోనే పూర్తిగా కనపడుతుంది, ఆల్టోస్ట్రాటస్‌లో కనపడదు. ఆరు పలకల మంచు పలుకుల్లో దూరిన వెలుగు 22 డిగ్రీలు వంగి బయటికి రావడం వల్ల అది ఏర్పడుతుంది. కొలిచి చూడండి. బొటనవేలి కొసను చంద్రుడి మీద పెడితే చిటికెన వేలి కొస ఇంచుమించు వలయం మీద ఉంటుంది. లోపలి అంచు కాస్త ఎర్రగా ఉంటుంది.

చంద్రుడికి బాగా దగ్గరగా, రెండు మూడు వేళ్ల వెడల్పులో కనపడే చిన్న వలయం వేరు. అది నీటి చుక్కల వల్ల వచ్చేది, పలుచటి ఆల్టోక్యుములస్‌లో ఎక్కువగా కనపడుతుంది, దాంట్లో ఎరుపు బయటి అంచున ఉంటుంది. దగ్గర గుడి అయితే దూరం వాన, దూరం గుడి అయితే దగ్గర వాన అని పెద్దలు అనేది ఈ రెండింటి గురించే. పెద్ద వలయం సిర్రోస్ట్రాటస్‌ది, దాని వెనకాల వాన పొరలు వస్తుండొచ్చు కాబట్టి ఆ మాటకు ఆధారం ఉంది. జూలై నుంచి అక్టోబర్ దాకా, అదీ బంగాళాఖాతంలో ఏదైనా కదులుతున్నప్పుడు, దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. చలికాలంలో పెద్ద గుడి కట్టినా చినుకు లేకుండా పోయే రోజులే ఎక్కువ.

మిగతా పైమబ్బులు

సిర్రస్‌ను పోల్చుకోవడం కష్టం కాదు. తెల్లటి నారలు, కొన్నిటికి కొస కొక్కెంలా వంగి ఉంటుంది. మంచు పలుకులు కిందికి జారుతూ, గాలి వేగం మారే చోట వెనకబడటం వల్ల ఆ వంపు వస్తుంది. పిడుగుల మబ్బు చచ్చిపోయాక మిగిలిన దాగలి కూడా సిర్రసే. తెల్లారి ఆకాశంలో మందపాటి సిర్రస్ కనపడితే రాత్రి ఎక్కడో పెద్ద వాన పడి ఉండొచ్చు. విమానం వెనక గీతలు పడి వెంటనే మాయమైతే పైన గాలి పొడిగా ఉన్నట్టు, గంటసేపు నిలిచి వెడల్పయితే తేమ ఉన్నట్టు.

సిర్రోక్యుములస్ అరుదు. మచ్చ నీడ లేని సన్నటి తెల్ల పలుకులు, కాసేపట్లోనే రూపు మారిపోతాయి. ముద్దల అడుగున బూడిద రంగు నీడ ఉందంటే అది ఆల్టోక్యుములస్.

అనవసరంగా భయపెట్టేది

పరదాల కోసం పరుగెత్తించి చుక్క రాల్చకుండా పోయేది ఎక్కువగా స్ట్రాటోక్యుములస్. బూడిద, నలుపు కలిసిన పెద్ద ముద్దలు ఆకాశమంతా పరుచుకుని దిగులు పుట్టిస్తాయి. కానీ మందం తక్కువ, ముద్దల సందుల్లో వెలుగు కనపడుతుంది, తలలు పైకి పెరగవు. మహా అయితే నాలుగు తుంపర్లు. రంగును నమ్మితే ఎలా మోసపోతామో దీన్ని చూసి నేర్చుకోవాలి.

స్ట్రాటస్ అన్నిటికంటే కిందుండే పొర. వానకాలంలో ములుగు వైపు గుట్టల తలలు మాయమైతే అది స్ట్రాటస్. డిసెంబర్, జనవరి పొద్దుల్లో గోదావరి వెంబడి, చెరువుల మీద పట్టే పొగమంచు నేలను తాకిన స్ట్రాటసే. కిలోమీటరు దూరంలోది కనపడకపోతే పొగమంచు అనాలి. 163వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున బండి నడిపేవాళ్లు ఎండ ఎక్కి అది పైకి లేచేదాకా ఆగడం మేలు. రామగుండం, చెల్పూరు థర్మల్ కేంద్రాల మీద లేచే ఆవిరి కుప్పలకు కూడా 2017 అట్లాసులో చోటు దొరికింది. మనిషి పనుల వల్ల పుట్టిన మబ్బులను హోమోజెనిటస్ అన్నారు. క్యుములస్ ఆకారంలో ఉంటే క్యుములస్ హోమోజెనిటస్ అని రాసుకోవాలి.

రాసుకునే పద్ధతి

రోజూ ఒకే సమయాల్లో చూడండి. వాతావరణ శాఖ కొలతల వేళలు ఉదయం 8:30, సాయంత్రం 5:30. అవే పెట్టుకుంటే తర్వాత పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది. ఆకాశాన్ని మనసులో ఎనిమిది భాగాలు చేసుకుని ఎన్ని భాగాలు మూసుకున్నాయో ముందు రాయండి. తర్వాత కింది పొర, నడిమి పొర, పై పొర, ఒక్కోదాని కదలిక, నీడ సంగతి. ఇలాగన్నమాట: ‘సాయంత్రం 5:30. ఎనిమిదిలో ఐదు. కింద స్ట్రాటోక్యుములస్, పడమటి నుంచి. సందుల్లో సిర్రస్, తూర్పు నుంచి. నీడ వస్తూ పోతూ ఉంది. ఈశాన్యాన దాగలి, మెరుపు ఇంకా లేదు.’ మధ్యలో మార్పు కనపడితే సమయం వేసి ఇంకో వరుస రాయండి. కంజెస్టస్ తల మెత్తబడిన నిమిషం, మొదటి ఉరుము నిమిషం తప్పకుండా రాయండి. ఒక ఎండాకాలం అలా రాస్తే ఆ రెండింటి మధ్య మన ప్రాంతంలో ఎంత వ్యవధి దొరుకుతుందో మీ లెక్కలోనే తేలుతుంది.

రెండు పేర్ల మధ్య అనుమానం ఉంటే రెండూ రాసి, అనుమానం దేని వల్లో రాయండి. తర్వాత వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఇన్సాట్ ఉపగ్రహం పంపిన పరారుణ చిత్రం తెరవండి. అందులో ఎత్తుగా, చల్లగా ఉన్న మబ్బు తలలు తెల్లగా మెరుస్తాయి, కింది మబ్బులు మసక బూడిద రంగులో ఉంటాయి. మీరు స్ట్రాటోక్యుములస్ అని రాసిన వేళకు వరంగల్ మీద చిత్రం మసకగా ఉంటే పేరు సరిపోయినట్టే. అదే చోట బాగా తెల్లగా ఉంటే కింది పొరకు పైన మీ కంటికి ఆనని మరో పొర ఉన్నట్టు. దాన్ని కూడా ఆ రోజు పేజీలోనే, ఉపగ్రహం చూపింది అని పక్కన గుర్తు పెట్టి, రాసుకోండి.